రంధ్రాలు లేని సన్నాయి

ఎవరైనా నా ఎదురుగా నోరంతా తెరిచి ఆవలిస్తే నేను వాళ్ల ముక్కు వైపు చూస్తాను. ముక్కు కారుతోందా, కళ్లు చెమర్చాయా, చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయా అని వెతుకుతాను. అది మర్యాద కాదని మా కోడలు ఎన్నోసార్లు చెప్పింది. డెబ్బై దాటాక కొత్త మర్యాదలు ఎక్కడ వస్తాయి? మొన్న యాచారం నుంచి వచ్చే బస్సులో పక్కన కూర్చున్నాయన వరసగా మూడుసార్లు ఆవలించాడు. నాకు తెలియకుండానే ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"ఏమైంది బిడ్డా, పానం మంచిగలేదా?"

ఆయన బిత్తరపోయి, "మంచిగనే ఉన్ననమ్మా. డ్యూటీ దిగి వస్తున్న, నిద్ర లేదు, గంతే" అని చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. బస్సులో అందరూ నన్నే చూశారు. ఇబ్రహీంపట్నంలో దిగేదాకా కిటికీ వైపు తిరిగి నాలో నేను నవ్వుకుంటూ కూర్చున్నాను. చచ్చిపోయి ఇన్నేళ్లయినా ఆ సన్నాయి మనిషి నలుగురిలో నా పరువు తీస్తూనే ఉన్నాడు.

ఆయన మా తల్లిగారి ఊరివాడు. మాది యాచారం. నన్ను ఇబ్రహీంపట్నం ఇచ్చేనాటికే ఆయన ఇక్కడ చిన్న ఇల్లు వేసుకుని ఉన్నాడు. నా పెళ్లికి సన్నాయి వాయించింది కూడా ఆయనే. తల్లిగారి ఊరి మనిషి అత్తగారి ఊళ్లో ఉంటే మా వైపు ఆడపిల్లకు అన్న ఉన్నట్టే లెక్క, రక్తసంబంధంతో పనిలేదు. ఆయన నన్ను చెల్లె అన్నాడు, మా ఆయనను బావ అన్నాడు. పండక్కి చీర పెట్టిన పాపాన పోలేదు గానీ, వారానికోసారి వచ్చి నా చేతి పచ్చిపులుసుతో బువ్వ తిని, ఉప్పు తక్కువైందని వంక పెట్టి పోయేవాడు. సొంత అన్నలైనా అంతకంటే ఏం చేస్తారు?

మనిషి పొడుగు. తలకు ఎర్ర రుమాలు వదులుగా చుట్టేవాడు. ఆ చుట్ల మధ్య ఎప్పుడూ ఒక బెల్లం ముక్క ఉండేది. చీమలు ఆయన చెవి మీదుగా బారు తీరి పోతుంటే దులుపుకునేవాడు కాదు. "వాటికి తొవ్వ ఎర్క, పోతయ్ తియ్" అనేవాడు. తీపి లేనిదే ముద్ద దిగేది కాదు. నేను కష్టపడి చేసిన పచ్చిపులుసులో బెల్లం గీకి వేసుకుంటుంటే మా అత్త చూడలేక లేచిపోయేది. ఆ తీపి పిచ్చి కూడా నల్లమందు తెచ్చిపెట్టిందేనని నాకు తర్వాత తెలిసింది.

మా ఇంటికి వస్తే తలుపు తట్టడం, పిలవడం ఉండవు. గడప బయట నిలబడి సన్నాయి పీకను 'పీ' అని ఊదేవాడు. సన్నాయి కొనకు ఉండే చిన్న రెల్లు ముక్కను పీక అంటారు. దాన్ని నోట్లో బాగా తడిపి మెత్తబరిస్తే గానీ సన్నాయి పలకదు. అందుకే వాయించేవాళ్లు ముందు చాలాసేపు పీకను చప్పరిస్తూ కూర్చుంటారు. ఆయన దగ్గర ఇత్తడి డబ్బాలో ఎనిమిది పీకలు ఉండేవి. రెల్లు తెచ్చి, ఎండబెట్టి, కోసి, దారం చుట్టి అన్నీ తనే చేసుకున్నాడు. ఆ డబ్బాను మాత్రం ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు.

ఆయన వెనక ఎప్పుడూ ఒక సాయిబు ఉండేవాడు. దూదేకులాయన. పొట్టిగా, నెమ్మదిగా, ఒంటి నిండా దూది నలుసులతో ఉండేవాడు. మామూలు రోజుల్లో దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టడం ఆయన పని. పెళ్లిళ్ల కాలంలో మా అన్న వెనక నిలబడి శ్రుతి పట్టేవాడు. శ్రుతి సన్నాయికి రంధ్రాలు ఉండవు. దానికి ఒకటే స్వరం. పాట మొదలైన దగ్గర నుంచి ముగిసేదాకా అది తెగకూడదు. పాట వాయించేవాడు మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవచ్చు, రుమాలు సర్దుకోవచ్చు, ఆడపెళ్లివారి వైపు చూసి మీసం తిప్పవచ్చు. మా అన్న ఈ మూడూ చేసేవాడు. శ్రుతి పట్టేవాడికి ఆ వీలు లేదు. బుగ్గల్లో గాలి నిలుపుకుని, అది పీకలోకి పోతుండగానే ముక్కుతో కొత్త గాలి లాక్కోవాలి. ఇరవై ఏళ్లు సాయిబు ఆ పని చేశాడు. ఊళ్లో ఒక్కరైనా ఆయనను మెచ్చుకోగా నేను వినలేదు. శ్రుతి ఉన్నదని ఎవరికీ గుర్తుండదు.

నల్లమందు మా అన్నకు పంటి నొప్పితో అంటుకుంది. ఒక పెళ్లికి వాయించడానికి ఒప్పుకున్న రోజే దవడ పన్ను పోటు పెడుతుంటే ఎవరో గురిగింజలో సగమంత మందు ఇచ్చి దవడన పెట్టుకోమన్నారట. నొప్పి పోయింది. ఆ రోజు ఊపిరి ఎంతసేపైనా నిలబడిందని ఆయనే గొప్పగా చెప్పేవాడు. పన్ను మరుసటి ఏడాదికి ఊడిపోయింది, మందు మాత్రం ఉండిపోయింది. అప్పట్లో అది దాచుకునే పని కూడా కాదు. కల్లు దుకాణం లాగే సర్కారు ఒప్పుకున్న నల్లమందు దుకాణం ఉండేది. కూలికి పోయే తల్లులు పసిపిల్లలకు పిసరంత నాకించి పడుకోబెట్టి పోయేవాళ్లు. అది ఇంత పని చేస్తుందని ఎవరనుకున్నారు?

నేను కాపురానికి వచ్చేనాటికి గురిగింజ కాస్తా రేగుగింజ అయింది. కంటిపాపలు ఎండలోనూ నీడలోనూ ఆవగింజలంతే ఉండేవి. ముక్కు కొస గోకి గోకి అక్కడొక మచ్చ పడింది. పెదవులు ఎండి పగిలి, పీక పెట్టుకున్న చోట నెత్తురు కనిపించేది. మెడ కింద ఎముకల దగ్గర గుంటలు పడ్డాయి. చెంబు పట్టుకుని బయటికి పోవడం వారానికి ఒకసారి. ఆ రోజు ఊరందరికీ తెలిసేది, అంత సంబరంగా తిరిగొచ్చేవాడు. ఊపిరి కూడా సన్నబడిపోయింది. మా ఇంటి ముందున్న రెండు మెట్లెక్కి అరుగు మీద కూలబడి, "జర ఆగు చెల్లె, ఊపిరి మన ఊరికి పోయింది, మళ్లొస్తది" అనేవాడు. మన ఊరంటే యాచారం. నేను పకపకా నవ్వేదాన్ని. అలా నవ్వినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఒక పెళ్లిలో నా కళ్లారా చూశాను. పట్టపగలు, తలంబ్రాల వేళ. మా అన్న పాట ఎత్తుకుని రెండు చరణాలు వాయించి, మూడో దాంట్లో ఆగాడు. సన్నాయి పెదవుల మీదే ఉంది, వేళ్లు రంధ్రాల మీదే ఉన్నాయి, కళ్లు మూసుకున్నాడు. శ్రుతి ఒక్కటే మోగుతోంది. పెళ్లికి వచ్చినవాళ్లు అదేదో గొప్ప విద్య అనుకుని తలలు ఊపారు. "చూసినవా, ఎంత లీనమైండో" అని నా పక్కనామె అంది. నాకు ఆయన కాళ్లు కనిపిస్తున్నాయి. సాయిబు శ్రుతి తెగనీయకుండానే తన బొటనవేలితో మా అన్న మడమ మీద గట్టిగా పొడుస్తున్నాడు. మనిషి నిలబడి నిద్రపోతున్నాడు. నాలుగో పోటుకు మెలకువ వచ్చి, ఆగిన చోటి నుంచే ఎత్తుకున్నాడు. సాయిబు ముఖం చెమటతో తడిసిపోయింది. ఆ రోజు నాకు మొదటిసారి భయం వేసింది.

ఊళ్లు అట్టుడుకుతున్న రోజులవి. దొరల మీద, నిజాం సర్కారు మీద తిరగబడిన సంఘం వాళ్లు ఒకవైపు, రజాకార్లు ఇంకొకవైపు. ఒక సాయంత్రం సంఘం మనుషులు ఇద్దరు మా అరుగు మీద మా అన్నను పట్టుకుని మంచిగానే చెప్పారు.

"నువ్వు మస్తు విద్య ఉన్నోనివి అన్నా. గీ నల్లమందు మనుషులను పనికిరాకుంట జేస్తది. ఇడిసిపెట్టు."

"అవ్ తమ్మీ, నిజమే" అన్నాడు మా అన్న. "మీరు దొరను ఎల్లగొట్టున్రి. దీని సంగతి నేను చూసుకుంట."

వాళ్లు నవ్వి వెళ్లిపోయారు. వాళ్లు గల్లీ మలుపు తిరగక ముందే ఆయన మందు దాచుకునే సున్నపు కాయ తీసి అందులోది నోట్లో వేసుకున్నాడు. నెల తిరక్కుండా రజాకార్లు బాట మీద ఆపి, తుపాకి చూపించి వాయించమన్నారు. ఆయన తీరిగ్గా పీక తడుపుకుని వాయించాడట. సగం పాటలో ఊపిరి అందక దగ్గుతుంటే వాళ్లే విసుగు పుట్టి పొమ్మన్నారు. తుపాకి ముందు కూడా బెదరలేదని ఊరంతా మెచ్చుకుంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. భయపడవలసిన చోట భయం కూడా పుట్టనంతగా ఆ మనిషి లోపల మొద్దుబారిపోయాడు.

తర్వాత పోలీస్ యాక్షన్ వచ్చింది. యూనియన్ సైన్యం రాజ్యంలోకి దిగింది, నాలుగైదు రోజుల్లోనే నిజాం లొంగిపోయాడు. నల్లమందు దుకాణం నడిపేవాడు తాళం వేసి ఎటో వెళ్లిపోయాడు. ఊరు ఊరంతా రాజ్యం పోయిన సంగతి మాట్లాడుకుంటుంటే, మా అన్న ఆ తాళం ముందు కూర్చుని ఆవలిస్తున్నాడు. మా ఆయన వెళ్లి భుజాన వేసుకుని తెచ్చాడు. "గింత పొడుగు మనిషి, చొప్ప మోపంత బరువు లేడే" అని అరుగు మీద దించాడు.

అదే పొద్దున సాయిబు మా దొడ్డి తలుపులో నుంచి లోపలికి వచ్చి ఉన్నాడు. రజాకార్ల మీది కోపం వాళ్లతో ఏ సంబంధమూ లేని సాయిబుల మీద తీరుస్తున్నారని చుట్టుపక్కల నుంచి కబుర్లు వస్తున్నాయి. ఆయన అప్పటికే భార్యను ఆమె తల్లిగారింటికి పంపేశాడు.

"నువ్వు గూడ పోకపోయినవా సాయిబన్నా?" అన్నాను.

ఆయన మా అన్న వైపు చూపించాడు. "ఈనను ఎవలకు ఒప్పజెప్పి పోవాలె?"

ఒకడు బయటికి పోతే దెబ్బలు తింటాడు, ఇంకొకడు బయటికి పోతే మందు కోసం ఏ ఊరైనా పట్టి పోతాడు. మా అత్త ఇంకేం ఆలోచించలేదు. వెనక వడ్ల కొట్టు ఖాళీ చేయించి ఇద్దరినీ లోపలికి తోసింది. "ఇద్దరికి ఒక్కటే గొళ్లెం సాలు" అని బయట గొళ్లెం పెట్టింది. చీటికిమాటికి నాకు వంకలు పెట్టే మనిషి, ఆ నాటి నుంచి నాకు దేవత.

ఆ రోజుల సంగతి ఎట్లా చెప్పాలి? ముందు ఆవలింతలు. దవడలు ఊడిపోతాయేమో అన్నట్టు, ఒకదాని వెనక ఒకటి. ఆ తర్వాత కళ్లూ ముక్కూ ధారగా కారాయి. ఒళ్లంతా ఈకలు పీకిన కోడిలా గగుర్పొడిచింది. కాళ్లు తమంతట తామే తన్నుకునేవి. ఇన్నాళ్లూ బిగుసుకుపోయిన కడుపు ఒక్కసారిగా జారింది. నేను, మా అత్త వంతులవారీగా గంజి, ఉప్పు వేసిన మజ్జిగ తలుపు సందున అందించాం. బట్టలు ఉతికాం. ఆయన మమ్మల్ని తిట్టిన తిట్లు ఏ సన్నాయి మీదా పలకవు. "నువ్వు చెల్లెవు గావు, నా పాలిట పామువు!" అని అరిచాడు. నేనేమీ తక్కువ తినలేదు, తలుపు ఇవతల నుంచి అంతకు అంత తిట్టాను. సాయిబు మాత్రం కొట్టుకుంటున్న ఆ కాళ్లను ఒళ్లో పెట్టుకుని, దూదిని నొక్కినట్టు మెత్తగా నొక్కుతూ కూర్చున్నాడు. నాలుగు రోజులకు తిట్లు తగ్గాయి. ఆరో రోజున ఆయన గంజిలో ఇంత అన్నం వెయ్యమన్నాడు. నేను పొంగిపోయాను.

అక్కడే నేనొక తెలివితక్కువ పని చేశాను.

"సన్నాయి తెచ్చియ్యవా చెల్లె? జర పీక నోట్ల పెట్టుకుంటే పానం నిమ్మలమైతది" అన్నాడు ఆయన. ఆయన పాటే ఆయనను బాగు చేస్తుందని నాకూ అనిపించింది. నేనే వాళ్లింటికి పోయి సన్నాయి, ఇత్తడి డబ్బా తెచ్చాను. ఆయన రెండు చేతులా డబ్బా అందుకుని కళ్లకద్దుకున్నాడు. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా పీక తడుపుతూనే ఉన్నాడు. సన్నాయికి తగిలించనే లేదు. ఊపిరి ఇంకా కుదురుకోలేదులే అనుకున్నాను. ఆవలింతలు పోయాయి, వణుకు పోయింది, మూడు రోజులు ముఖం తేటగా ఉంది. నేను బావి దగ్గర ఆడవాళ్లందరికీ చెప్పుకున్నాను. "మా అన్నకు మందు యాది గూడ లేదు. సన్నాయే బాగు జేసింది" అని.

నాలుగో రోజు సాయిబు తలుపు తట్టి నన్ను పిలిచాడు. చేతిలో ఆ డబ్బా ఉంది. సాయిబు వెంట తెచ్చుకున్న శ్రుతి సన్నాయి పీక చీలిపోతే ఇందులోంచి ఒకటి తీసి నోట్లో పెట్టుకున్నాడట.

"చెల్లె, గిది నాలికకు పెట్టి చూడు."

చూశాను. విషమంత చేదు.

"ఇరవై ఏండ్ల సంది ఈన ఎన్క నిలబడుతున్న. గా వాసన నాకు ఎర్కనే" అన్నాడు సాయిబు, నేల చూస్తూ.

మా అన్న గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. దుకాణం మూతపడితే ఆఖరి ఆసరాగా ఉంటుందని ముందే, తన దగ్గర మిగిలిన మందంతా నీళ్లలో కరగబెట్టి, ఎనిమిది పీకలనూ అందులో నానేసి, ఎండబెట్టి, మళ్లీ నానేశాడట. దారం చుట్ల సందున కూడా మెత్తాడట. సన్నాయి వాడు పీక చప్పరిస్తే ఎవరికి అనుమానం వస్తుంది? ఊరంతా పద్ధతి అనుకుంటుంది.

"నువ్వు పాట తెచ్చిననుకున్నవ్ చెల్లె. మందు తెచ్చినవ్" అన్నాడు, ఇటు తిరగకుండానే.

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆయన మీద కొంత, బావి దగ్గర చెప్పుకున్న నా నోటి మీద ఎక్కువ. డబ్బా లాక్కుని పోయి ఎనిమిది పీకలనూ పొయ్యిలో పడేశాను. ఇల్లంతా అదొక తియ్యటి వాసన అలుముకుంది. ఆ మధ్యాహ్నం మా అత్త పొయ్యి పక్కనే హాయిగా కునుకు తీసింది. మందు మహిమో, ఆమె అలసటో తెలియదు. నేను మాత్రం పొయ్యి ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. అవి కాలిపోయాక తెలిసింది, నేను కాల్చింది మందే కాదు, ఆయన చేతి పని కూడా.

తిరిగి వెళ్లేసరికి కొట్టు తలుపు వారగా తెరిచి ఉంది. నేనే కోపంలో గొళ్లెం మరిచాను. ఆయన గడప లోపలే, ఎక్కడివాడక్కడే కూర్చుని ఉన్నాడు. సాయిబు ఆయనను పట్టుకోలేదు, అడ్డం నిలబడలేదు.

"గొళ్లెం పెట్టు చెల్లె" అన్నాడు మా అన్న. "అప్పుడు మీరు పెట్టిన్రు. ఇప్పుడు నేను పెట్టుమంటున్న."

పెట్టాను. మళ్లీ ఆవలింతలు, మళ్లీ వణుకు. ఈసారి తిట్లు లేవు. ఎక్కువ బాధ అయినప్పుడు తలుపు లోపలి నుంచి, "చెల్లె, ఉన్నవా?" అనేవాడు. "ఉన్న" అనేదాన్ని.

దసరా నాలుగు రోజులు ఉందనగా ఊరి పెద్దమనుషులు ఇద్దరు వచ్చారు. గడిచిన ఏడు రజాకార్ల భయంతో ఎవరూ జమ్మికి పోలేదు. ఈసారి పొద్దుండగానే పోయి రమ్మని మిలట్రీ వాళ్లు ఒప్పుకున్నారు. సన్నాయి కావాలి. మా అన్న గొంగడి కప్పుకుని అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. ముఖం పాలిపోయి ఉంది గానీ, కంటిపాపలు మామూలు మనుషుల్లాగే ఉన్నాయి. ఆ కళ్లను నేను అప్పుడే మొదటిసారి చూసినట్టు లెక్క.

"పాట సాయిబు వాయిస్తడు. శ్రుతి నేను పడత" అన్నాడు.

పెద్దమనుషులు ఒకరినొకరు చూసుకున్నారు. సాయిబును ముందు నడిపించడం బాగుంటుందా, ఇటువంటి రోజుల్లో, అని ఒకాయన నసిగాడు.

"ఇన్నేండ్లు మీ ఇండ్లల్ల అన్ని పెండ్లిండ్లకు శ్రుతి పట్టినప్పుడు మంచిగనే ఉండె గద" అన్నాడు మా అన్న. "ఆయన రాకుంటే నేను రాను. ఉత్త డప్పులు కొట్టుకుంట పోన్రి."

వాళ్లు ఒప్పుకుని వెళ్లిపోయారు. ఒప్పుకోనిది సాయిబే. "నాకు భయమైతుందన్నా" అన్నాడు. అంత పచ్చిగా ఒక మగవాడు భయం చెప్పుకోవడం నేను అప్పుడే విన్నాను.

"నాక్కూడ అయితుంది" అన్నాడు మా అన్న, ఏదో మంచి కబురు చెప్పినట్టు. "మస్తు దినాలైంది భయమయ్యి. నా ఎన్క ఇరవై ఏండ్లు నువ్వున్నవ్. ఒక్కపూట నీ ఎన్క నేనుంట, నడువు."

మా అన్న ఇంటి దూలానికి పాత రెల్లు పుల్లలు వేలాడుతుంటే నేను తెచ్చి ఇచ్చాను. మా అన్న చేతులు వణుకుతున్నాయి కాబట్టి కత్తి సాయిబు పట్టాడు. ఆయన చెబుతుంటే ఈయన కోశాడు. కోసిన ప్రతి పీకనూ ముందు నేను నాలికకు పెట్టి చూశాకే లోపలికి ఇచ్చాను. మా అన్నకు కోపం రాలేదు. "చూడు చెల్లె, మంచిగ చూడు" అన్నాడు. ఆ తర్వాత బతికిన ఇరవై ఏళ్లలో ఆయన మళ్లీ పాట పట్టనే లేదు. ఊళ్లో వాళ్లు ఎంత అడిగినా సాయిబు వైపే చూపించాడు. ఒకసారి నేనే నిలదీశాను. "పాట పీక నోట్ల పెట్టుకుంటే నాలిక దాన్నే దేవులాడుతది చెల్లె. శ్రుతికి గా అలవాటు లేదు" అన్నాడు. అంత గొప్పగా వాయించే మనిషి అలా వదిలేసుకున్నాడు. నాకు బాధగానే ఉండేది. ఆయనకు ఉన్నట్టు తోచలేదు.

దసరా నాడు చావడి దగ్గర ఊరంతా పోగైంది. మా ఆయన కావాలనే సాయిబు పక్కన నడిచాడు. ఆడవాళ్ల గుంపులో నేనూ, మా అత్తా. జమ్మి దాకా మామూలుగా నడిస్తే ఎంతో దూరం కాదు. ఊరేగింపు కాబట్టి అడుగు తీసి అడుగు వేస్తున్నారు. అంతసేపు ఆ ఊపిరి ఆగుతుందా అన్నదే నా దిగులు. శ్రుతి తెగితే సాయిబు బెదిరిపోతాడు, పాట ఆగుతుంది. పాట ఆగితే, వద్దన్న వాళ్ల మాటే నెగ్గుతుంది. మా అన్న ఇక ఆ కొట్టులో నుంచి బయటికి రాడు.

శ్రుతి మొదలైంది. మొదట సన్నగా వణికింది. ఆయన బుగ్గలు బూరెల్లా ఉబ్బాయి, కళ్లు నీళ్లతో నిండాయి. సాయిబు తల దించుకుని పాట ఎత్తుకున్నాడు. ఇరవై ఏళ్లు వెనక నిలబడి విన్న పాటలన్నీ ఆయనకు నోటికొచ్చు. నాలుగు ఇళ్లు దాటేసరికి తల ఎత్తాడు. మా అన్న లాగా మీసం తిప్పలేదు, రుమాలు సర్దలేదు గానీ, పాట మాత్రం నిండుగా వచ్చింది. జనంలో ఎవరో "వహ్వా సాయిబూ!" అన్నారు. ఇక అందరూ పాటే విన్నారు. నేను మాత్రం శ్రుతినే విన్నాను. ఒక మలుపులో అది సన్నబడింది. ఆయన ముక్కుపుటాలు ఒక్కసారి విచ్చుకున్నాయి, గాలి లోపలికి పోయింది, శ్రుతి మళ్లీ నిండింది. జమ్మి చేరేదాకా అది తెగలేదు. చేరాక చూసుకుంటే, నేను మా అత్త చెయ్యి పట్టుకున్న చోట నా గోళ్లు దిగి ఉన్నాయి.

దీపాలు పెట్టే వేళకు ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. మా అన్న పండగ ఆచారంగా జమ్మి ఆకు నా చేతిలో పెట్టి, "బంగారం తీస్కో చెల్లె" అన్నాడు. మా అత్త కాళ్లకు మొక్కాడు. తర్వాత అరుగు మీద కూర్చుని, "ఆకలైతుందే" అన్నాడు.

ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. గబగబా ఇద్దరికీ వడ్డించాను. ఆయన రుమాలు విప్పి పక్కన పెట్టాడు, అందులో బెల్లం లేదు. పచ్చిపులుసు కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుని, నా వైపు చూసి, "ఉప్పు తక్కువైంది" అన్నాడు. నేను నవ్వుతూ ఉప్పు కోసం లేచాను.

అప్పుడు ఆయన ఆవలించాడు.

నోరంతా తెరిచి, కళ్లు మూసుకుని, పెద్దగా. నా చేతిలో ఉప్పు గిన్నె అలాగే ఉండిపోయింది. సాయిబు ముద్ద నోటి దాకా తెచ్చి ఆపాడు. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముగ్గురం ఆయన ముక్కు వైపే చూస్తున్నాం.

ఆయన కళ్లు తెరిచి మమ్మల్ని చూశాడు. ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమై, ఎంగిలి చెయ్యి అడ్డంగా ఊపాడు.

"నిద్రొస్తుందే. ఉత్త నిద్ర. గంతే."

ఆ తర్వాత సాయిబు ఆవలించాడు. వెంటనే మా అత్త. ఆమెను చూసి నేను. ఆ నెల రోజుల్లో మేమెవరమూ కంటి నిండా నిద్రపోలేదని అప్పుడు గుర్తొచ్చింది. తినడం అయ్యాక వాళ్లిద్దరూ లేచి, తమంతట తామే వెనక కొట్టులోకి పోయి పడుకున్నారు. అలవాటు కొద్దీ మా అత్త చెయ్యి గొళ్లెం మీదికి పోయింది. ఒక నిమిషం పట్టుకుని నిలబడి, వదిలేసి వచ్చింది.